నడకా, పరుగూ, కాస్త దొంగతనం

ఏమండోయ్, ఒక్కసారి ఇలా గోడ దగ్గరికి రండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే కట్టేసి మరీ రండి. ఇది ఒక్క నిమిషంలో తేలే కబురు కాదు.

తెల్లవారుజామున నాలుగున్నరకి మా వీధిలో లైటు వెలిగే ఇల్లు ఒక్కటే, మాది. ఇది ధనుర్మాసం కాదు. పరీక్షలకి చదివే పిల్లలు ఇంట్లో లేరు. మరి ఎందుకంటారా? అక్కడ న్యూయార్క్‌లో సాయంత్రం ఏడయ్యేసరికి ఇక్కడ మన కాకినాడలో నాలుగున్నర. అక్కడ బేస్‌బాల్ మొదలవుతుంది. ఇక్కడ నా మొదటి కాఫీ మొదలవుతుంది.

చూశారా, అప్పుడే ముఖం చిట్లించేశారు! "అదేం ఆటండీ, అందరూ అలా నిలబడే ఉంటారు, ఏమీ జరగదు" అనబోతున్నారు కదూ? ఈ మాట మా వీధిలో అనని వాళ్ళు లేరు. కానీ ఆ ఏమీ జరగనట్టు కనిపించే చోటే నాకు ప్రాణం. బంతి స్టేడియం దాటి పడితే ఎవరైనా చప్పట్లు కొడతారు. అది పండగ నాటి బూరె. బ్యాట్ ఊపకుండా నిలబడి సంపాదించుకున్న పరుగుందే, అది రోజూ తినే పెరుగన్నం. దాని రుచి వేరు.

నాకు ఈ పిచ్చి పట్టించింది మా మనవడు. న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉన్నాను. వాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. శనివారం పొద్దున్నే మడత కుర్చీలూ, నీళ్ళ సీసాలూ పట్టుకుని పార్కుకి వెళ్ళేవాళ్ళం. మొదటిసారి వాడు బ్యాట్ పట్టుకుని నిలబడితే నేను కుర్చీ అంచుకి జరిగాను. బంతి వచ్చింది, ఊపలేదు. ఇంకొకటి వచ్చింది, ఊపలేదు. "కొట్టరా నాన్నా!" అని అరిచాను. వాడు నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డాడు. అంతలో చుట్టూ కూచున్న అమ్మలందరూ "గుడ్ ఐ! గుడ్ ఐ!" అని చప్పట్లు. మంచి కన్నుట! నాలుగు చెడ్డ బంతులు వదిలేశాడు. బ్యాట్ పక్కన పడేసి, షికారుకి వెళ్తున్నట్టు మొదటి బేస్‌కి నడిచి వెళ్ళిపోయాడు.

అక్కడితో అయిందా? తర్వాతి బంతి, బ్యాటర్ వెనక కూచుని పట్టే క్యాచర్ చేతిలోంచి జారింది. వీడు రెండో బేస్‌కి పరుగు. ఇంకో బంతి జారింది, మూడో బేస్. ఆ తర్వాత ఎవరో పిల్లవాడు బంతిని నేల మీద దొర్లేలా మెల్లగా తోశాడు, వీడు దుమ్ము లేపుకుంటూ ఇంటికొచ్చేశాడు. అవునండీ, ఆ ఆటలో ఆఖరి బేస్‌కి పేరే 'హోమ్'. వాడి బ్యాటుకి బంతి తగల్లేదు. అయినా జట్టుకి ఒక రన్ వచ్చింది. ఆ రోజు నుంచి నేను ఈ ఆటకి దాసోహం.

సరే, మీకు లెక్క చెప్పాలి కదా. హోమ్ ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. దాని మీదుగా, బ్యాటర్ మోకాళ్ళకీ రొమ్ము మధ్యకీ నడుమ వెళ్ళే బంతి మంచి బంతి. అది వదిలేస్తే స్ట్రైక్. ఆ చోటు తప్పిన దాన్ని వదిలేస్తే 'బాల్'. మూడు స్ట్రైకులైతే అవుట్. నాలుగు 'బాల్స్' అయితే 'వాక్', అంటే మొదటి బేస్ ఊరికే ఇచ్చేస్తారు. నడక అని ఎంత చక్కటి పేరు పెట్టారో చూడండి! మన క్రికెట్‌లో ఆఫ్ స్టంప్ బయట బంతిని వదిలేస్తే ఏం దక్కుతుంది? వికెట్ దక్కుతుంది, అంతే. లక్ష్మణ్ మణికట్టు చూసి మురిసిపోయే మనలో ద్రావిడ్ వదిలేసిన బంతులు ఎవరికి గుర్తున్నాయి? అదే బేస్‌బాల్ అయితే ఆయన నాలుగు వదిలినప్పుడల్లా ఒక బేస్ ఇచ్చి పంపేవారు.

వదిలేయడం తేలికనుకునేరు! బంతి వేసే పిచ్చర్ నిలబడేది 60 అడుగుల 6 అంగుళాల దూరంలో. గంటకి 95 మైళ్ళ వేగంతో వేస్తే బంతి రావడానికి సెకనులో పదింట నాలుగు వంతులు. రెప్ప కొట్టి తెరిచేలోపు అన్నమాట. బ్యాట్ తిప్పడానికే ఆ సమయంలో కొంత భాగం పోతుంది. ఇక చూసి, ఇది మంచిదా చెడ్డదా అని తేల్చుకోవడానికి మిగిలేదెంత? పైగా కొన్ని బంతులు మంచిదానిలా బయలుదేరి, తీరా దగ్గరికొచ్చాక కిందికి జారిపోతాయి. రైతు బజారులో పైన నిగనిగలాడే వంకాయలు పేర్చి అడుగున పుచ్చులు పెట్టినట్టు.

కూరగాయల మాట వచ్చింది కాబట్టి టెడ్ విలియమ్స్ సంగతి చెప్పాలి. బోస్టన్ రెడ్ సాక్స్‌లో ఆడేవాడు. 1941లో ఆయన సగటు .406. అంటే వెయ్యి అవకాశాల్లో 406 హిట్ల లెక్క. ఆ తర్వాత మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని అమెరికన్, నేషనల్ లీగుల్లో ఏ ఆటగాడూ ఒక పూర్తి సీజన్‌లో నాలుగు వందలు అందుకోలేదు. ఆ ఏడాది ఆయన నడకలు 147. 1971లో ఆయన బ్యాటింగ్ మీద ఒక పుస్తకం రాశాడు. అందులో ఒక బొమ్మ ఉంటుంది. స్ట్రైక్ జోన్ అంతా బంతులతో నింపి చూపించారు, మొత్తం 77 బంతులు. మధ్యలో పడితే తాను .400 కొడతాననీ, బయటివైపు కింది మూలకి పడితే .230 దాటననీ ఒక్కో చోటికీ ఒక్కో అంకె వేశాడు. తన బలం ఎక్కడుందో, బలహీనత ఎక్కడుందో అంత కచ్చితంగా తెలిసిన మనిషి! మా అత్తగారు బెండకాయ కొస విరిచి చూసేవారు. టప్‌మని విరిగితే సంచిలోకి, వంగితే బుట్టలోకి. అరకిలో కొనడానికి అరగంట. కొట్టువాడు విసుక్కున్నా సరే, ఆవిడ చెయ్యి తొందరపడేది కాదు. టెడ్ విలియమ్స్ బొమ్మ చూసినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చారు. ఆయన కెరీర్ మొత్తం మీద నూరుసార్లు ప్లేట్ దగ్గరికి వస్తే 48 సార్లు బేస్ ఎక్కాడు. చరిత్రలో ఇంకెవరికీ అంత లేదు.

ఓపికలో ఇంకో సొగసు ఉంది. రెండు స్ట్రైకులయ్యాక బంతిని పక్కకి ఫౌల్ కొడితే అవుట్ కాదు, మళ్ళీ వెయ్యాల్సిందే. ఎన్నిసార్లయినా! 2018 ఏప్రిల్ 22న శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ బ్యాటర్ బ్రాండన్ బెల్ట్ ఏంజెల్స్ పిచ్చర్ హైమే బరియా చేత 21 బంతులు వేయించాడు. ఒక్క బ్యాటర్‌కి ఇరవయ్యొక్కటి! ఫౌల్, ఫౌల్, ఫౌల్... పన్నెండు నిమిషాల పైమాటే. చివరికి ఏమైందంటే, బంతి గాలిలోకి లేచి ఫీల్డర్ చేతిలో పడింది. అవుట్.

"అయ్యో, అంత చేసి అవుటా!" అనకండి. అది మొదటి ఇన్నింగ్స్. పిచ్చర్ చెయ్యి అప్పుడే సగం అలిసింది. ఆ రోజు అతను ఎక్కువసేపు నిలవలేదు కూడా. చింతచెట్టుకి ఒక్క రాయి తగిలితే కాయ రాలకపోవచ్చు, కొమ్మ మాత్రం కదులుతుంది. తర్వాత వచ్చినవాళ్ళకి ఆ కదిలిన కొమ్మే కదా ఆస్తి?

అన్నట్టు, చరిత్రలో అన్నిటికన్నా చిత్రమైన నడక ఏదో తెలుసా? 1951 ఆగస్టు 19. సెయింట్ లూయిస్ బ్రౌన్స్ అనే జట్టు యజమాని బిల్ వెక్. జనాన్ని ఆటకి రప్పించడానికి ఏం చెయ్యమన్నా చేసే మనిషి. ఆ రోజు డెట్రాయిట్ టైగర్స్ మీద ఎడ్డీ గేడెల్ అనే అతన్ని బ్యాటింగ్‌కి పంపాడు. గేడెల్ ఎత్తు 3 అడుగుల 7 అంగుళాలు. చొక్కా మీద నంబరు 1/8. బ్యాట్ ఊపవద్దని గట్టిగా చెప్పి పంపారు. అతను వంగి నిలబడితే మంచి బంతి పడే చోటు జానెడు కూడా లేదు! క్యాచర్ మోకాళ్ళ మీద కూచున్నాడు. పిచ్చర్ బాబ్ కేన్ నాలుగు వేశాడు, నాలుగూ పైనుంచే పోయాయి. గేడెల్ దర్జాగా మొదటి బేస్‌కి వెళ్ళాడు, వేరే పరుగుగాడు వచ్చి అతని చోట నిలబడ్డాడు. ఆ తర్వాత లీగ్ అధ్యక్షుడు అతన్ని ఆడనివ్వలేదు. జీవితంలో ఒక్కసారి ప్లేట్ దగ్గరికి వెళ్ళాడు, ఆ ఒక్కసారీ బేస్ ఎక్కాడు. ఈ లెక్కలో ఆయన్ని మించినవాడు లేడు. నాకు ఆ మనిషి అంటే ఎంతో ఇష్టం.

సరే, నడిచి బేస్ ఎక్కాం. ఇల్లలకగానే పండగ అయిపోతుందా? ఒక్కో బేస్‌కీ మధ్య 90 అడుగులు. మొదటిది ఎక్కినవాడు ఇల్లు చేరాలంటే ఇంకా మూడు తొంభైలు ఉన్నాయి. ఇక్కడే మొదలవుతుందండీ దొంగతనం.

'స్టీల్' అనే అంటారు వాళ్ళు కూడా. పిచ్చర్ బ్యాటర్‌కి బంతి వేసే క్షణంలో బేస్ మీదవాడు తర్వాతి బేస్‌కి లంకించుకుంటాడు. క్యాచర్ పట్టుకుని రెండో బేస్‌కి విసరాలి. మన చెడుగుడు గుర్తు తెచ్చుకోండి. కూత పెట్టినవాడు గీత దాటి ఒక అడుగు, ఇంకో అడుగు, ఇంకో సగం అడుగు వేస్తాడు. పట్టు పడేంత దూరం పోకూడదు, అందుకోలేనంత దగ్గరా ఉండకూడదు. బేస్ మీదవాడూ అంతే. పది పన్నెండు అడుగులు ముందుకి జరుగుతాడు. చేతులు వేలాడేసి, మోకాళ్ళు వంచి, పిచ్చర్ మడమ వంకే చూస్తాడు. ఆ మడమ లేచి ప్లేట్ వైపు తిరిగిందా, తుర్రు! తన వైపు తిరిగిందా, వెనక్కి దూకడమే.

లెక్క ఎంత సన్నగా ఉంటుందో చూడండి. పిచ్చర్ కదలడం మొదలుపెట్టాక బంతి క్యాచర్‌ని చేరడానికి సుమారు 1.3 సెకన్లు. క్యాచర్ పట్టి, లేచి, 127 అడుగుల దూరం విసరడానికి సుమారు 2 సెకన్లు. మొత్తం 3.3. మంచి పరుగుగాడికి ఆ దూరం పరుగెత్తడానికి పట్టేది కూడా ఇంచుమించు అంతే! అందుకే ఈ విద్యలో కాళ్ళకన్నా కళ్ళకి పని ఎక్కువ. పిచ్చర్ భుజం ఎప్పుడు బిగుస్తుంది, మెడ ఎన్నిసార్లు తిప్పి చూస్తాడు, ఏ బంతికి నెమ్మదిస్తాడు, ఇవన్నీ చదువుకోవాలి.

దొంగల్లో రాజు రికీ హెండర్సన్. వెన్నదొంగ అనాలనిపిస్తుంది నాకు, ఆ అల్లరీ ఆ నవ్వూ చూస్తే. కెరీర్ మొత్తంలో దొంగిలించిన బేస్‌లు 1,406. రెండో స్థానంలో ఉన్న లూ బ్రాక్‌వి 938. ఆ రెంటికీ మధ్య తేడానే 468. అంత తేడా అసలు ఎలా వస్తుందండీ! 1982లో ఒక్క ఏడాదిలో 130. కానీ నేను మీకు చెప్పదలచింది ఈ అంకె కాదు. ఆయన నడకలు 2,190. చరిత్రలో రెండోవాడు. కనిపించిందా ముడి? దొంగతనం చెయ్యాలంటే ముందు ఇంట్లోకి అడుగు పెట్టాలి. బ్యాట్ పట్టుకుని బాగా వంగి, తొడల మీదకి ఒదిగి నిలబడేవాడు. మంచి బంతి పడే చోటు చిన్నదైపోయేది. పిచ్చర్ తడబడి నాలుగు చెడ్డవి వేసేవాడు. నడక. రెండు బంతుల తర్వాత రెండో బేస్ మీద ఉండేవాడు. ఇంకాసేపటికి మూడో బేస్. ఎవరో ఒకరు బంతిని కాస్త దూరం లేపితే ఇల్లు. అవతలి జట్టు ఒక్క హిట్ ఇవ్వకుండానే రన్ ఇచ్చేసేది.

పరుగుల లెక్కలోనూ ఆయనే మొదటివాడు, 2,295. ఆ రికార్డు దాటిన రోజు చూడాలి మీరు! 2001 అక్టోబర్ 4. వయసు 42. శాన్ డియాగో పాడ్రెస్ చొక్కా. హోమ్ రన్ కొట్టాడు. హోమ్ రన్ అంటే తీరిగ్గా నడిచి రావచ్చు, ఎవరూ అవుట్ చెయ్యలేరు. అయినా ఆఖరున హోమ్ ప్లేట్ మీదకి దుమ్ము లేపుతూ జారుకుంటూ వచ్చాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ మట్టిలో దొర్లిన మనిషి, ఆ రోజు మాత్రం మట్టి అంటకుండా ఇంటికెలా వస్తాడండీ? 2024 డిసెంబర్‌లో ఆయన పోయినప్పుడు నాకు మనసు బాగాలేక ఆ రోజంతా ఆ వీడియోనే పెట్టుకు చూశాను.

దొంగతనానికి ఖరీదు కూడా ఉంది సుమండీ. 1982లో 130 దొంగిలించిన రికీ 42 సార్లు దొరికిపోయాడు కూడా. ఇందులో పాత లెక్కల మేష్టార్లు తేల్చిన సంగతి ఒకటుంది. ఇన్నింగ్స్ మొదట్లో, ఒక్క అవుటూ లేకుండా మొదటి బేస్ మీద మనిషి ఉంటే జట్టుకి సగటున ఒక రన్‌కి కాస్త తక్కువ వస్తుంది. వాడు రెండో బేస్‌కి వెళ్ళగలిగితే ఒకటికి కాస్త ఎక్కువ. అంటే లాభం పావు రన్ దాకా. దొరికిపోయాడనుకోండి, మనిషీ పోయాడు, ఒక అవుటూ పోయింది, మిగిలిన ఆశ పావు రన్నే. అంటే నష్టం లాభానికి రెండింతల పైనే. అందుకని నాలుగుసార్లు వెళ్తే మూడుసార్లు నెగ్గాలి. లేదంటే కదలకుండా ఉండడమే మేలు. చీటీల వ్యాపారం చేసే మా పక్కింటి పిన్నిగారికి ఈ లెక్క చెప్తే ఒక్క క్షణంలో పట్టేశారు!

ఆ లెక్క పట్టుకుని ఓక్లాండ్‌లో బిల్లీ బీన్ అనే జనరల్ మేనేజరుగారు దొంగతనాలు దాదాపు మానిపించేశాడు. 2002లో ఆయన జట్టు దగ్గర డబ్బు తక్కువ. హోమ్ రన్ల వీరుల్ని కొనలేరు. అప్పట్లో నడకకి బజారులో విలువ లేదు. సరే అని నడిచేవాళ్ళని ఏరుకున్నాడు. ఆ ఏడాది ఆ జట్టు వరసగా 20 ఆటలు గెలిచింది, మొత్తం 103 గెలిచింది. మైకేల్ లూయిస్ దాని మీద 'మనీబాల్' రాశాడు, 2011లో బ్రాడ్ పిట్ సినిమా కూడా వచ్చింది. మీ అబ్బాయి చూసే ఉంటాడు, అడగండి. నడక విలువ లోకానికి చెప్పినందుకు బీన్‌గారికి నమస్కారం. దొంగతనం మానిపించినందుకు మాత్రం నాకు ఇప్పటికీ కోపమే!

2023లో ఆ కోపం కొంచెం తగ్గింది. ఆ ఏడాది నియమాలు మార్చారు. బేస్ పలక 15 అంగుళాల నుంచి 18 అయింది. పిచ్చర్ ఊరికే మొదటి బేస్ వైపు విసిరి దొంగని బెదిరించడానికి ఒక హద్దు పెట్టారు. అంతకుముందు ఏడాది మొత్తం లీగ్‌లో 2,486 దొంగతనాలు, ఆ ఏడాది 3,503. ఇల్లు తాళం వెయ్యకుండా వదిలేసినట్టే!

ఈ కొత్త దొంగల్లో నాకు మహా ముద్దొచ్చేవాడు హువాన్ సోటో. ఓపికలో ఈ కాలపు టెడ్ విలియమ్స్. చెడ్డ బంతి వదిలేశాక అతను చేసే చేష్ట ఒకటుంది, చూసి తీరాలి. కాళ్ళు ఎడంగా జాపి, ఒళ్ళు కిందికి వంచి, మట్టిలో పాదం రాస్తూ పక్కకి జరుగుతాడు. జరుగుతూ పిచ్చర్ కళ్ళలోకే చూస్తాడు. "ఈ కాయ పుచ్చు, ఇంకోటి తియ్యి" అన్నట్టు! 2021లో 145 సార్లు నడిచాడు. కానీ పరుగులో నెమ్మది మనిషి. 2024 దాకా ఏ ఏడాదీ పన్నెండుకి మించి దొంగతనాలు లేవు. 2025లో న్యూయార్క్ మెట్స్‌కి వచ్చాడు. అప్పుడు అక్కడ మొదటి బేస్ దగ్గర నిలబడిన కోచ్ ఆంటోన్ రిచర్డ్‌సన్. యాంకీస్ ఆటగాడు డెరెక్ జీటర్ 2014లో యాంకీ స్టేడియంలో తన ఆఖరి హిట్ కొట్టినప్పుడు, రెండో బేస్ నుంచి పరుగెత్తుకొచ్చి గెలుపు రన్ చేసింది ఈయనే. పిచ్చర్లని చదవడం సోటోకి ఆయన నేర్పాడు. ఆ ఏడాది సోటో నడకలు 127. దొంగతనాలు ఎన్నో చెప్పుకోండి. పదిహేనా? ఇరవయ్యా? 38! కాళ్ళు అవే. చూపు మారింది. ఒక్కో దొంగతనానికీ నా కాఫీ చల్లారిపోయింది, తెలుసా?

దొంగతనం ఒక్కటే కాదు. ఎవరైనా సింగిల్, అంటే మొదటి బేస్ దాకా వెళ్ళే హిట్, కొడితే మొదటి బేస్ మీదవాడు రెండో బేస్ దగ్గర ఆగుతాడా, మూడో దానికి పోతాడా? అది అతని బుర్ర. గాలిలో లేచిన బంతిని ఫీల్డర్ పట్టేదాకా బేస్ అంటిపెట్టుకుని ఉండి, పట్టిన మరుక్షణం ఇంటికి పరుగు తియ్యడం ఇంకొకటి. వరల్డ్ సిరీస్ అంటే ఏడాది విజేతని తేల్చే ఆఖరి పోటీ. 1946 వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో కార్డినల్స్ ఆటగాడు ఈనోస్ స్లాటర్ మొదటి బేస్ నుంచి, కోచ్ ఆగమని చేతులెత్తినా ఆగకుండా, నేరుగా ఇంటికొచ్చి వరల్డ్ సిరీస్ గెలిపించాడు. ఓడిన రెడ్ సాక్స్ వాళ్ళు దాన్ని ఎన్నేళ్ళు తలుచుకుని ఏడ్చారో!

ఆ రెడ్ సాక్స్ వాళ్ళ కథతోనే మీకు అసలు సంగతి చెప్పాలి. కాసేపు అలా మెట్టు మీద కూచోండి.

2004 అక్టోబర్. బోస్టన్ వరల్డ్ సిరీస్ గెలిచి 86 ఏళ్ళు. 1918 తర్వాత లేదు. ఈసారి వరల్డ్ సిరీస్‌కి వెళ్ళాలంటే ముందు న్యూయార్క్ యాంకీస్‌తో ఏడు ఆటల పోటీ నెగ్గాలి. మూడు ఆటలూ యాంకీస్‌వే. మూడో ఆట అయితే మరీ 19–8. ఇంకొక్కటి ఓడితే ఇంటికి. అంతకుముందు బేస్‌బాల్‌లో 0–3 నుంచి లేచి గెలిచిన జట్టు ఒక్కటీ లేదు. 17న రాత్రి, ఫెన్‌వే పార్క్‌లో నాలుగో ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్. యాంకీస్ 4, బోస్టన్ 3. పిచ్చర్ ఎవరు? మరియానో రివేరా. ఆట ముగించడంలో ఆయన్ని మించినవాడు పుట్టలేదు.

మొదటి బ్యాటర్ కెవిన్ మిల్లర్. పెద్ద దెబ్బ కొట్టాలని ఎవరికుండదు? కానీ తొందరపడలేదు. నాలుగు బాల్స్. నడక.

మిల్లర్ చోట పరుగుకి డేవ్ రాబర్ట్స్ వచ్చాడు. బయటికొస్తుంటే మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా ఒక కన్ను గీటాడు. అంతే, మాటల్లేవు. స్టేడియంలో ఉన్న ప్రతి ప్రాణికీ తెలుసు, వీడు దొంగతనానికే వచ్చాడని. రివేరాకీ తెలుసు. మొదటి బేస్ వైపు విసిరాడు. రాబర్ట్స్ వెనక్కి దూకాడు. లేచి దుమ్ము దులుపుకుని మళ్ళీ ముందుకి జరిగాడు. మళ్ళీ విసిరాడు. మళ్ళీ దూకాడు. మూడోసారి. మూడుసార్లూ రాబర్ట్స్ అదే దూరం జరిగాడండీ, ఒక్క అంగుళం తగ్గించలేదు!

నేను చూసింది రికార్డింగు, మా అల్లుడు పెట్టాడు. ఫలితం తెలిసి కూడా నా చీర కొంగు నలిపేశాను.

రివేరా ప్లేట్‌కి మొదటి బంతి వేశాడు. రాబర్ట్స్ లేడు, వెళ్ళిపోయాడు. క్యాచర్ పోసాడా విసురు బాగానే పడింది. డెరెక్ జీటర్ పట్టి చెయ్యి కిందికి వేశాడు. రాబర్ట్స్ తల ముందుకి పెట్టి నేల మీద జారుతూ చెయ్యి చాచాడు. వేళ్ళు ముందు. జీటర్ గ్లవ్ తర్వాత. సేఫ్!

తర్వాత బిల్ మ్యూలర్ పిచ్చర్ పక్కనుంచి ఒక సింగిల్ కొట్టాడు. రాబర్ట్స్ రెండో బేస్ నుంచి ఇంటికొచ్చాడు. 4–4. పన్నెండో ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఓర్టిజ్ హోమ్ రన్ కొట్టి గెలిపించాడు. పేపర్ల నిండా ఓర్టిజే. సహజమే. కానీ ఆ పన్నెండో ఇన్నింగ్స్ అనేది వచ్చిందే ఒక నడకా, ఒక దొంగతనం పుణ్యాన.

ఆగండి, ఇంకా ఉంది. ఆ మర్నాడు ఐదో ఆట. మళ్ళీ బోస్టన్ ఒక్క రన్ వెనక. ఎనిమిదో ఇన్నింగ్స్. మళ్ళీ మిల్లర్, మళ్ళీ నడక! మళ్ళీ రాబర్ట్స్! ఈసారి పరుగు రుచే వేరు. ట్రాట్ నిక్సన్ సింగిల్ కొట్టాడు, రాబర్ట్స్ రెండో బేస్ దగ్గర ఆగలేదు, మూడో దానికి పోయాడు. జేసన్ వారిటెక్ బంతిని గాల్లోకి లేపాడు. ఫీల్డర్ పట్టేదాకా బేస్ మీదే ఉండి, పట్టగానే ఇంటికి. 4–4. పద్నాలుగో ఇన్నింగ్స్‌లో బోస్టన్ గెలిచింది. ఆరు, ఏడు కూడా గెలిచింది. వరల్డ్ సిరీస్ నాలుగుకి నాలుగూ గెలిచింది. ఆ పోస్ట్‌సీజన్‌లో డేవ్ రాబర్ట్స్ ఒక్కసారి కూడా బ్యాట్ పట్టుకుని ప్లేట్ దగ్గర నిలబడలేదు. అయినా ఇప్పటికీ బోస్టన్‌లో ఆయన పేరెత్తితే వీధి వీధంతా లేచి నిలబడుతుంది. ఇప్పుడు లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కి మేనేజర్ ఆయనే. ఆయన జట్టులోనే షోహే ఓటాని 2024లో 54 హోమ్ రన్లు కొట్టాడు, 59 బేస్‌లు దొంగిలించాడు. గురువు ఎవరో చూసుకోండి మరి!

ఇంకా చెప్పాల్సింది కొండంత ఉంది. రేపు పొద్దున్న నాలుగున్నరకి లైటు చూసి రండి, కాఫీ నాది. పెద్దగా ఏమీ చెప్పను. పిచ్చర్ మడమ వంక చూడమంటాను, అంతే. అదుగో, పాలబ్బాయి గేటు చప్పుడు. వెళ్ళండి, మీరే పోయించుకోండి, నావి కూడా ఓ అరలీటరు. నిన్నటి ఆట రికార్డింగు ఆపి వచ్చాను. సోటో ఇప్పుడే నడిచి మొదటి బేస్ ఎక్కాడు, మూడడుగులు ముందుకి జరిగాడు, ఇంకో అడుగు...